“ఏడీహెచ్‌డీ ఉందేమో, సర్టిఫికెట్ తెమ్మన్నారు”

ప్రశ్న: మాది కావలి. మా బాబుకి ఏడేళ్లు నిండి మూడు నెలలైంది. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి చదువుతున్నాడు. మూడేళ్లు నిండకముందే ఎల్‌కేజీలో వేశాం, క్లాసులో అందరికన్నా చిన్నవాడు. ఒక్కచోట కూర్చోడు. బోర్డు మీద రాసింది సగమే ఎక్కించుకుంటాడు. పెన్సిళ్లు, వాటర్ బాటిళ్లు పోగొట్టుకుని వస్తాడు. అరగంటలో అయ్యే హోంవర్క్‌కి రెండు గంటలు పడుతుంది. ఫోనిస్తే మాత్రం కదలడు. రాత్రిళ్లు నోరు తెరుచుకుని గురక పెడతాడు. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్ “ఏడీహెచ్‌డీ ఉన్నట్టుంది, డాక్టర్ సర్టిఫికెట్ తీసుకురండి, లేదంటే టీసీ తీసుకోండి” అన్నారు. మా అత్తయ్య “వాళ్ల నాయన కూడా ఇట్టనే ఉండేవాడు, పిలకాయలన్నాక అంతే” అంటారు. మావారు రెండు తగిలిస్తే దారికొస్తాడంటారు. నెల్లూరులో ఎనిమిది వేలు కట్టి బ్రెయిన్ మ్యాపింగ్ తీయిస్తే తేలిపోతుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. మందులు మొదలుపెడితే పిల్లాడు మొద్దుబారిపోతాడని నాకు భయం. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, ముందు ఆ ఎనిమిది వేలు కట్టకండి. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురులేకపోవడం వయసుకి మించి ఉండే సమస్య. దాన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు, తలకి వైర్లు పెట్టి తీసే మ్యాపింగ్‌తోనూ అది తేలదు. ఫిట్స్ అనుమానం వస్తే డాక్టర్ ఈఈజీ అనే మెదడు పరీక్ష రాస్తారు, ఆ సంగతి వేరు. రంగురంగుల తల బొమ్మ చేతిలో పెట్టి ఇదిగో మీవాడి జబ్బు అంటే, ఆ క్షణానికి కన్నవాళ్లకు ఏదో తెలిసినట్టు ఉంటుంది. ఇంటికొచ్చాక హోంవర్క్ మళ్లీ రెండు గంటలే. ఈ నిర్ధారణ జరిగేది మీరు చెప్పే మాటలు, టీచర్ రాసిచ్చే మాటలు, పిల్లాడి నోటి మాట, వాడి నోటు పుస్తకాలు అన్నీ కలిపి చూస్తే. ఇందులో డాక్టర్‌కన్నా ముందు పని మొదలుపెట్టాల్సింది మీరే.

మీవాడికి అది ఉందా లేదా అన్నది ఉత్తరం చదివి చెప్పకూడదు, నేను చెప్పను. టీచర్ కూడా చెప్పకూడదు. “ఇలా ఉంటున్నాడు, ఒకసారి చూపించండి” అనడం వరకు ఆమె బాధ్యత. నిజానికి చాలామంది పిల్లల విషయంలో మొదట గమనించేది టీచర్లే, అందుకు మనం వాళ్లకు రుణపడి ఉండాలి. జబ్బు పేరు పెట్టడం మాత్రం వాళ్ల పని కాదు.

డాక్టర్లు దేన్నిబట్టి తేలుస్తారో చెబుతాను. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే కొలమానంలో తొమ్మిది లక్షణాలు ధ్యాసకు సంబంధించినవి: వివరాలు చూసుకోకుండా తప్పులు చేయడం, మొదలుపెట్టిన పని పూర్తి చేయకపోవడం, వస్తువులు పోగొట్టుకోవడం, పిలిచినా విననట్టు ఉండటం లాంటివి. ఇంకో తొమ్మిది కుదురులేకపోవడానికి, తొందరపాటుకు సంబంధించినవి: కూర్చోవాల్సిన చోట లేచిపోవడం, ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరవడం, తన వంతు వచ్చేదాకా ఆగలేకపోవడం. ఒక గుంపులో కనీసం ఆరు ఉండాలి. అవి ఆరు నెలలకు తగ్గకుండా కనిపించాలి. పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. ఇంట్లోనూ బడిలోనూ, అంటే కనీసం రెండు చోట్ల కనిపించాలి. వాటివల్ల చదువో స్నేహాలో ఇంటి జీవితమో నిజంగా దెబ్బతింటూ ఉండాలి. ఇంకే కారణమూ వాటిని ఇంతకన్నా బాగా వివరించలేకపోవాలి. పిల్లాడి వయసుకి మామూలుగా ఉండే అల్లరికి మించి ఉంటేనే ఒక లక్షణాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

మన ఊళ్లలో ఎక్కువగా వదిలేసేది ఈ చివరి మాటే. మీవాడి క్లాసులో చాలామందికి ఎనిమిదేళ్లు దాటి ఉంటాయి, కొందరికి తొమ్మిది దగ్గరపడి ఉంటాయి. ఏడేళ్లవాడిని తొమ్మిదేళ్లవాడి పక్కన కూర్చోబెట్టి వీడికి నిలకడ లేదు అంటే ఎలా? ఆ వయసులో ఏడాది తేడా అంటే చాలా తేడా. అమెరికాలో సెప్టెంబర్ 1 నాటికి వయసు లెక్కగట్టి బళ్లో చేర్చుకునే రాష్ట్రాల్లో చేసిన ఒక అధ్యయనం 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఆగస్టులో పుట్టి క్లాసులో అందరికన్నా చిన్నవాళ్లయిన పిల్లలకు, సెప్టెంబర్‌లో పుట్టి అందరికన్నా పెద్దవాళ్లయిన పిల్లలకన్నా ఏడీహెచ్‌డీ అని తేల్చడం 34 శాతం ఎక్కువగా ఉందని అందులో తేలింది. ఆ పిల్లల మెదళ్లు ఆగస్టుకొక రకంగా, సెప్టెంబర్‌కొక రకంగా ఉండవు కదా. కాబట్టి డాక్టర్ దగ్గర మొట్టమొదట చెప్పాల్సింది పుట్టినతేదీ, చదువుతున్న తరగతి. ఆధార్‌లోనో స్కూలు రికార్డులోనో తేదీ మార్చి రాయించి ఉంటే, అసలు తేదీ చెప్పండి. మూడేళ్లు నిండని బిడ్డ చేతికి పెన్సిలిచ్చి ఏబీసీడీలు దిద్దించే పద్ధతి మీద నాకు చాలా కోపం ఉంది. మీ మీద కాదమ్మా, అలా చేర్చకపోతే వెనకబడిపోతాడని మిమ్మల్ని భయపెట్టినవాళ్ల మీద.

రెండో సంగతి, ఆ గురక. మీరు అన్నిటి మధ్యలో ఒక్క ముక్కలో రాశారు గానీ నేను అక్కడే ఆగాను. పిల్లలు రోజూ నోరు తెరుచుకుని గురక పెడుతున్నారంటే ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే కండ గానీ, టాన్సిల్స్ గానీ పెరిగి ఉండొచ్చు. ఊపిరి సరిగా ఆడక రాత్రంతా నిద్ర తెగిపోతూ ఉంటుంది. పెద్దవాళ్లకు నిద్ర చాలకపోతే పగలు తూగుతారు. పిల్లలు తూగరు, ఇంకా ఎక్కువ గంతులేస్తారు, విసుక్కుంటారు, ఒకదాని మీద మనసు నిలపరు. చూసేవాళ్లకి అది అచ్చం ఏడీహెచ్‌డీలాగే ఉంటుంది. ఈ వారం ఒక రాత్రి వాడు నిద్రపోయాక పక్కన కూర్చుని ఫోన్లో రెండు నిమిషాలు వీడియో తీయండి. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఒక్కసారి ఉలిక్కిపడుతున్నాడా, తల వెనక్కి వాల్చి పడుకుంటున్నాడా, దుప్పటి తడిసేలా చెమట పడుతోందా చూడండి. ఆ వీడియో చెవి ముక్కు గొంతు డాక్టర్‌కి చూపిస్తే మీరు అరగంట చెప్పేదానికన్నా ఎక్కువ అర్థమవుతుంది.

ఆయన దగ్గరే చెవులు కూడా చూపించండి. గులిమి గట్టిపడినా, జలుబులు తగ్గక చెవి లోపల నీరు చేరినా సగం మాటలు వినపడవు, విననట్టు ఉంటాడు. కంటిచూపు పరీక్ష తప్పనిసరి. పిల్లల డాక్టర్‌తో హిమోగ్లోబిన్, ఐరన్ గురించి మాట్లాడండి, అవసరమైతే థైరాయిడ్ కూడా ఆయనే రాస్తారు. ఇంకొకటి గమనించాలి. ఆడుతూనో మాట్లాడుతూనో ఉన్నట్టుండి ఐదు పది సెకన్లు బొమ్మలా చూస్తూ ఉండిపోయి, మళ్లీ ఏమీ జరగనట్టు పని చేసుకుంటున్నాడా? భుజం తట్టినా ఆ కాసేపు పలకడం లేదా? అలాగైతే అది పరధ్యానం కాకపోవచ్చు, ఒక రకం ఫిట్స్ కావచ్చు. పైన చెప్పిన ఈఈజీ అవసరమయ్యేది ఇక్కడే.

ఇక నోటు పుస్తకాలు. లెక్కల పుస్తకం, తెలుగు పుస్తకం, బోర్డు చూసి రాసుకునే పుస్తకం ముందేసుకుని తీరిగ్గా తిరగేయండి. మార్కులు చూడొద్దు, తప్పు ఎక్కడ మొదలవుతోందో చూడండి. ఒక పేజీలో ఎనిమిది లెక్కలుంటే మొదటి మూడూ చక్కగా చేసి, నాలుగోదాంట్లో తీసివేతని కూడికగా చేసి, ఆరోది ఎక్కించుకోవడమే మర్చిపోయి, చివరిదాని దగ్గర మార్జిన్‌లో బొమ్మ వేశాడనుకోండి. అదే లెక్క పక్కన కూర్చుని అడిగితే ఠక్కున చెప్తున్నాడనుకోండి. వాడికి లెక్క వచ్చు, ధ్యాస జారిపోతోందన్నమాట. అలా కాకుండా మొదటి లెక్క నుంచే తడబడుతుంటే, లేదా తెలుగు పాఠం చదవమంటే గుణింతం దగ్గర ఆగిపోతూ, ఒత్తులు వదిలేస్తూ, మొదటి అక్షరం చూసి మిగతా మాట ఊహించి చదివేస్తుంటే, అది చదవడంలో, రాయడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది కావచ్చు. చదవడం రాని పిల్లాడు పుస్తకం ముందు ఎంతసేపని కూర్చుంటాడు? అటూ ఇటూ తిరుగుతాడు, పక్కవాడిని గిల్లుతాడు, టీచర్‌కి అదే కనిపిస్తుంది. ఇంట్లో పుస్తకం చూసి రాసింది పూర్తిగా ఉండి, బోర్డు చూసి రాసింది మాత్రమే సగం సగం ఉంటే కళ్లద్దాల డాక్టర్ దగ్గరికి వెళ్లే దారి అది. ఇవి ఒకదానితో ఒకటి కలిసి కూడా ఉంటాయి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి చదువు ఇబ్బంది కూడా ఉంటుంది కాబట్టి, ఒకటి దొరికిందని రెండోది చూడటం మానేయకూడదు. ఎరుపు ఇంకుతో ‘కేర్‌లెస్’ అని రాసిన పేజీలన్నీ ఫోన్లో ఫొటోలు తీసి ఉంచుకోండి. డాక్టర్‌కి అవి చాలా పనికొస్తాయి.

ఫోన్ ఇస్తే కదలడు కదా, మరి ధ్యాస ఉన్నట్టే కదా అని మీ ఇంట్లో వాదన జరుగుతూ ఉండాలి. ఆ ఒక్కదాన్నిబట్టి ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. గేమ్‌లో ప్రతి రెండు సెకన్లకీ ఒక శబ్దం, ఒక పాయింటు వస్తాయి. అది పిల్లాడి ధ్యాసను తనే లాగి పట్టుకుంటుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు కష్టమయ్యేది ఆసక్తి లేని పని మీద తమంతట తాము ధ్యాస నిలపడం. ఎక్కాలు రాయడం, స్నానం చేసి బట్టలేసుకుని రావడం లాంటివి. ఫోన్ వల్ల ఏడీహెచ్‌డీ రాదు. చక్కెర, చాక్లెట్ల వల్ల కూడా రాదు, ఆ సంగతి పరీక్షలు పెట్టి చూశారు. అయితే రాత్రి పదకొండింటి దాకా ఫోన్ చూస్తే నిద్ర చెడుతుంది, ఏడేళ్ల పిల్లాడికి తొమ్మిది పది గంటల నిద్ర కావాలి. ముందు దాన్ని సరిచేయండి.

ఇదే ఉత్తరం చదువుతున్న ఆడపిల్లల తల్లులకు ఒక మాట. ఎగిరి గంతులేసే పిల్లాడి మీద కంప్లయింట్లు వస్తాయి, కిటికీలోంచి చూస్తూ కూర్చునే పాప మీద రావు. ధ్యాస మాత్రమే జారిపోయే రకం ఏడీహెచ్‌డీ కూడా ఉంది. “మంచిపిల్లే గానీ కాస్త మందం” అని వదిలేసిన ఆడపిల్లల్లో అది ఎన్నో ఏళ్లు బయటపడదు.

ఎవరికి చూపించాలి అంటే, మొదట కావలిలో మీరు మామూలుగా వెళ్లే పిల్లల డాక్టర్ చాలు. చూపు, వినికిడి, గురక, రక్తం సంగతులు అక్కడ మొదలుపెట్టండి. ఆ తర్వాత నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఒంగోలు వైపు వాళ్లకు రిమ్స్ అని అందరూ పిలిచే ప్రభుత్వాసుపత్రి దగ్గర. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు చూసే సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ, చదువు ఇబ్బంది కూడా ఉన్నాయి. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు డీఈఐసీ ఎక్కడని అడగండి, ఆ కార్యక్రమం కేంద్రాన్ని అలాగే పిలుస్తారు. వెళ్లేముందే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. మీ నిద్ర పట్టకపోవడం గురించి కూడా వాళ్లతో మాట్లాడొచ్చు, దయచేసి మాట్లాడండి.

డాక్టర్ గదిలో చాలామంది తల్లులు ఇబ్బంది పడే ఘట్టం ఒకటుంటుంది. ఇంట్లో మంచాలెక్కి దూకే పిల్లాడు అక్కడ బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుంటాడు. కొత్త చోటు, కొత్త మనిషి, పదిహేను నిమిషాలు అంతే. “ఇక్కడ చూడండి ఎంత మంచోడో, నేనే అబద్ధం చెప్తున్నట్టుంది” అని తల్లి కుంగిపోతుంది. తెలిసిన డాక్టర్ దాన్ని చూసి ఏమీ లేదని తేల్చరు, అలాగే గదిలో రెండుసార్లు లేచాడని ఉందనీ తేల్చరు. మీకొక ప్రశ్నల పత్రం, టీచర్‌కొకటి ఇస్తారు. వాండర్‌బిల్ట్, కానర్స్ అని వాటికి పేర్లు. రెండిట్లోనూ ఒకే తీరు కనిపిస్తోందా అని చూస్తారు. మీ కాన్పు ఎలా జరిగింది, నెలలు నిండాయా, మాటలెప్పుడొచ్చాయి, ఇంట్లో గొడవలున్నాయా, ఈ మధ్య ఎవరైనా చనిపోయారా, బళ్లో ఎవరైనా కొడుతున్నారా, ఇవన్నీ అడుగుతారు. పిల్లాడితో విడిగా మాట్లాడతారు. ఒక్క పూటలో తేలకపోతే మళ్లీ రమ్మంటారు, ఆ తిరుగుడుకి విసుక్కోకండి. ఐదు నిమిషాలు చూసి మందు రాసి పంపితే అప్పుడు అనుమానించాలి.

మీ అత్తగారి మాట కొట్టిపారేయకండి, అది డాక్టర్‌కి పనికొచ్చే సమాచారం. ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో బలంగా వచ్చేదే. పెంపకం వల్ల రాదు, అంటే మీ తప్పూ కాదు, మీవారి తప్పూ కాదు. వాళ్లబ్బాయి చిన్నప్పుడు ఎలా ఉండేవాడో, బళ్లో ఏమైందో ఆవిడనే కూర్చోబెట్టి అడగండి, వీలైతే వెంట తీసుకెళ్లండి. మీవారికి నా మాటగా చెప్పండి: అన్నా, నిలకడ లేని పిల్లాడిని కొడితే భయం వస్తుంది, నిలకడ రాదు. చిన్నప్పుడు మిమ్మల్నీ ఇలాగే కొట్టి ఉంటే, దానివల్ల చదువు మీద మీకు ఇష్టం పెరిగిందో లేదో మీకే తెలుసు.

మందుల భయం సంగతి. ఏడీహెచ్‌డీ అని తేలినా వెంటనే మాత్ర మింగించాలని లేదు. ఆరేళ్లలోపు పిల్లలకైతే తల్లిదండ్రులకు నేర్పే శిక్షణతోనే మొదలుపెడతారు. మీవాడి వయసులో కూడా ఇంట్లో, క్లాసులో మార్పులు చేసి, అవి చాలకపోతే మందు కలుపుతారు. ఒక్కసారికి ఒక్క పనే చెప్పడం, హోంవర్క్‌ని పది నిమిషాల ముక్కలు చేయడం, బాగా చేసిన క్షణంలోనే మెచ్చుకోవడం, మొదటి బెంచీలో టీచర్‌కి దగ్గరగా కూర్చోబెట్టడం, ఇవన్నీ నిర్ధారణ దాకా ఆగకుండా ఈ రోజే మొదలుపెట్టొచ్చు. ఎక్కువగా వాడే మందు మిథైల్‌ఫెనిడేట్, 1950ల నుంచి వాడుకలో ఉంది. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యంగా పట్టడం దాని సాధారణ ఇబ్బందులు. అందుకే ఎత్తు, బరువు, బీపీ, నాడి చూస్తూ ఉంటారు. పిల్లాడు మొద్దుబారినట్టు, వాడు వాడిలా లేనట్టు అనిపిస్తే అది మందు పనిచేస్తున్న గుర్తు కాదు, డోసు మార్చాలని డాక్టర్‌కి చెప్పాల్సిన సంగతి. అది కట్టడి ఉన్న మందు, చీటీ లేకుండా ఇవ్వరు, ఇవ్వకూడదు. పక్కింటివాళ్ల పిల్లాడి మాత్రలు మాత్రం ఎప్పుడూ వేయకండి.

చివరగా ఆ టీసీ బెదిరింపు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లాడినీ బడి నుంచి తీసేయడానికి వీల్లేదు, అది 16వ సెక్షన్. కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధమని 17వ సెక్షన్ చెబుతుంది. ఇది గొడవ పడటానికి చెప్పడం లేదు. ప్రిన్సిపల్‌గారికి తెలుగులోనే ఒక ఉత్తరం రాయండి: మా బాబుని డాక్టర్లకు చూపిస్తున్నాం, కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా మొదటి బెంచీలో కూర్చోబెట్టండి, డాక్టర్ ఇచ్చే ప్రశ్నల పత్రం క్లాస్ టీచర్ నింపి ఇవ్వాలి, దయచేసి సహకరించండి అని. రెండు కాపీలు తీసి ఒకదాని మీద స్కూలు స్టాంపు, తేదీ వేయించుకోండి. వాళ్లు తీసుకోవడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. అప్పటికీ టీసీ అంటే ఆ కాపీ పట్టుకుని మండల విద్యాశాఖాధికారి దగ్గరికి వెళ్లండి. ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా, మా ఇష్టంతోనే టీసీ తీసుకుంటున్నాం అని మాత్రం సంతకం పెట్టకండి.